స్టాక్‌హోమ్‌లో తీరిక రోజులు

గురువారం

స్టాక్‌హోమ్ నడిబొడ్డున, పార్లమెంటుకూ రాజభవనానికీ పక్కనే, మేలారెన్ సరస్సు నీళ్ళు బాల్టిక్ సముద్రంలో కలుస్తాయి. సముద్రం కంటే సరస్సు మట్టం ఒక మీటరు కూడా ఎత్తుండదు. ఆ కాస్త తేడాకే నీళ్ళు వంతెనల కింద నురగలు కక్కుతూ ఉరకలు వేస్తుంటాయి. ఆ ఒడ్డున ఆఫీసు బట్టల్లో ఒకాయన గాలం వేసి నిలబడి ఉన్నాడు. ఇక్కడ చేపలు పట్టుకోవడానికి ఎవరూ రుసుము కట్టనక్కర్లేదు. సాల్మన్ చేప కూడా పడుతుందట. ఒక దేశ రాజధానిలో, రాజభవనం కిటికీల కింద, ఎవరైనా వచ్చి గాలం వేసుకోవచ్చు. ఈ ఊరి మీద నాకు మనసు పడింది అక్కడే.

పద్నాలుగు దీవుల మీద విస్తరించిన నగరమిది. ఏ వీధిలో నడిచినా చివరికి నీళ్ళే ఎదురవుతాయి. జూన్ మొదటి వారంలో ఒంటరిగా వచ్చాను. చూడవలసినవాటి జాబితా ఏదీ రాసుకోలేదు. రోజుకు ఒకటో రెండో చోట్లు చూడటం, మిగతా సమయం నడవడం, కూర్చోవడం, అంతే అనుకున్నాను. ఒక్కరమే వెళ్ళినప్పుడు ఒక బెంచీ మీద గంటసేపు కూర్చున్నా "ఇంకా ఎంతసేపు?" అని అడిగేవాళ్ళుండరు. ఒంటరి ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

అర్లాండా విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్ల దూరం. రైళ్ళూ బస్సులూ దండిగా ఉన్నాయి. సోదెర్మాల్మ్ దీవిలో ఒక హాస్టల్లో దిగాను. స్వీడన్ హాస్టళ్ళలో దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. వంటగది అందరిదీ. వండుకున్నవాళ్ళు గిన్నెలు కడిగి తుడిచి, ఎక్కడివి అక్కడ సర్ది వెళ్తారు.

మధ్యాహ్న భోజనం ఇక్కడి పద్ధతిలోనే చేయాలని ముందే తెలుసుకుని వచ్చాను. పనిదినాల్లో పదకొండు నుంచి రెండు దాకా చాలా హోటళ్ళలో ఆనాటి భోజనం అని ఒకటి పెడతారు. సలాడ్, రొట్టె, వెన్న, కాఫీ అన్నీ అందులోనే. ధర 140 క్రోనాలు, మన లెక్కలో వెయ్యి రూపాయల పైచిలుకు. రాత్రిపూట అదే హోటల్లో తింటే దాదాపు రెట్టింపవుతుంది. గురువారం కాబట్టి పసుపుపచ్చ బఠాణీ సూపు, ఆ తరవాత జామ్ వేసిన పాన్‌కేకులు. స్వీడన్‌లో గురువారం ఈ వంట చేయడం వందల ఏళ్ళ ఆచారం. పంది మాంసం లేనిది అడిగితే ఇచ్చారు. ముద్దపప్పు అంత చిక్కగా ఉన్న ఆ సూపులో ఒక చెంచా ఆవపిండి ముద్ద కలుపుకుని తినాలని పక్క బల్ల దగ్గరి పెద్దావిడ చేత్తో చూపించింది. ఆవ ఘాటు ముక్కుకు ఎక్కగానే ప్రయాణం బడలిక సగం దిగిపోయింది.

సాయంత్రం వీధిలో గోల వినిపించి బయటికి వచ్చాను. హైస్కూలు చదువు ముగించిన పిల్లలు తెల్ల టోపీలు పెట్టుకుని, బర్చ్ కొమ్మలతో అలంకరించిన లారీల మీద నిలబడి పాటలు పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నారు. నిదానమైన మనుషులని పేరున్న ఈ ఊళ్ళో, జూన్‌లో ఆ కొద్ది రోజులూ పిల్లలదే రాజ్యం. కాలిబాట మీద వెళ్ళేవాళ్ళంతా నిలబడి చేతులూపుతున్నారు. నేనూ ఊపాను.

రాత్రి పదింటికి సూర్యుడు అస్తమించాడు కానీ చీకటి పడలేదు. కిటికీకి మందపాటి తెర ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది.

శుక్రవారం

పాత బస్తీ గమ్లా స్తాన్‌ను చూడాలంటే ఉదయం ఏడింటికే వెళ్ళాలి. పది దాటితే ప్రధాన వీధిలో బొమ్మల దుకాణాలు, గుంపులే తప్ప ఊరు కనిపించదు. ఆ వీధికి సమాంతరంగా ప్రెస్ట్‌గాతాన్ అనే సందు ఉంది. అక్కడ రాతి పలకల మీద నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది. ఒక మలుపులో, ఇంటి గోడలో ఇమిడిపోయిన, రూన్ అనే పాత లిపిలో చెక్కిన శాసన శిల కనిపించింది. వైకింగుల కాలపు రాయిని తరవాతి కాలం వాళ్ళు మామూలు రాయిలాగే గోడ కట్టుబడికి వాడేసుకున్నారు. కాస్త ముందుకు వెళ్తే ఊరిలోకెల్లా ఇరుకైన సందు, మోర్తెన్ త్రోట్సిగ్ మెట్ల దారి ఉంది. దాని అత్యంత ఇరుకైన చోట వెడల్పు తొంభై సెంటీమీటర్లే. ఎదురుగా ఎవరైనా వస్తే గోడకు ఒత్తిగిలి దారి ఇవ్వాలి.

రాజభవనం దగ్గరి ఫిన్నిష్ చర్చి వెనక పెరట్లో పదిహేను సెంటీమీటర్ల ఇనుప పిల్లవాడు మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుని చంద్రుణ్ణి చూస్తూ ఉంటాడు. లిస్ ఎరిక్సన్ చేసిన శిల్పం. చలికాలంలో ఎవరో ఒకరు వాడికి చిన్న ఉన్ని టోపీ అల్లి తొడుగుతారట. జూన్‌లో మాత్రం బోడి తలే. వచ్చినవాళ్ళంతా నిమిరి నిమిరి అది నున్నగా మెరుస్తోంది. ముందు నాలుగు నాణేలు, ఒక చాక్లెట్టు పెట్టి ఉన్నాయి. ఊళ్ళో ఇన్ని రాజుల విగ్రహాలుండగా జనం ఆప్యాయంగా తాకేది ఈ చిన్నవాణ్ణే.

స్తోర్‌తోర్యెత్ కూడలిలో రంగురంగుల ఇళ్ళ ముందు అందరూ ఫొటోలు దిగుతారు. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఎనభై మందికి పైగా ప్రముఖుల తలలు నరికించింది ఈ కూడలిలోనే. అక్కడే పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనంలో నోబెల్ బహుమతి మ్యూజియం ఉంది. అందులో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక పాత సైకిల్. అది అమర్త్యసేన్‌ది. బెంగాల్ పల్లెల్లో పిల్లల బరువులు తూచి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ పోషణలో ఎంత తేడా ఉందో లెక్క తేల్చిన పరిశోధనకు తిరిగిన సైకిల్. అర్థశాస్త్రంలో ప్రపంచపు పెద్ద బహుమతి వెనక మట్టి రోడ్లున్నాయని ఏ పుస్తకం కంటే బాగా అది చెబుతుంది. మ్యూజియం హోటల్లో కుర్చీలను తిరగేసి చూడటం ఇక్కడ ఆనవాయితీ. నోబెల్ గ్రహీతలు వాటి అడుగున సంతకాలు చేస్తారు.

మధ్యాహ్నం సిటీ హాల్‌కు వెళ్ళాను. గైడుతో కలిసి వెళ్తేనే లోపలికి పంపిస్తారు. రాగ్నార్ ఓస్ట్‌బెరి అనే వాస్తుశిల్పి కట్టిన ఈ భవనం 1923లో ప్రారంభమైంది. దాదాపు ఎనభై లక్షల ఇటుకలు పట్టాయి. నోబెల్ విందు జరిగే హాలు పేరు నీలి హాలు, కానీ గోడల్లో నీలం మచ్చుకైనా లేదు. నీలి రంగు పూత వేయాలనుకున్న ఓస్ట్‌బెరి, ఎర్రటి ఇటుక అందం చూశాక మనసు మార్చుకున్నారు. పైన బంగారు హాలులో కోటీ ఎనభై లక్షల గాజు, బంగారు రేకుల ముక్కలతో చేసిన మొజాయిక్ ఉంది. అందరూ అక్కడ నోరెళ్ళబెడతారు. నాకు మాత్రం కౌన్సిల్ సమావేశ మందిరమే ఎక్కువ నచ్చింది. 101 మంది సభ్యులు కూర్చునే ఆ గది పైకప్పు, బోర్లించిన వైకింగ్ ఓడ ఆకారంలో ఉంటుంది. సభ్యుల్లో ఎక్కువమంది పగలు తమ తమ ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు సమావేశాలకు వస్తారు. ఊరివాళ్ళు గ్యాలరీలో కూర్చుని చూడవచ్చు. అంత వైభవం ఎవరి కోసం కట్టారని గైడును ఒకాయన అడిగితే, "ఇక్కడ పన్ను కట్టేవాళ్ళ కోసం" అని ఆ అమ్మాయి సూటిగా చెప్పింది. పెళ్ళిళ్ళూ అక్కడే జరుగుతాయి. రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి.

బయట సరస్సు ఒడ్డున మెట్ల మీద జనం ఎండ కాచుకుంటున్నారు. ఒక కుర్రాడు నీళ్ళలోకి దూకి వణుకుతూ పైకొచ్చి, మళ్ళీ దూకాడు. ఒకప్పుడు మురుగుతో పాడైపోయిన నీళ్ళివి. మురుగుశుద్ధి కేంద్రాల పుణ్యాన మళ్ళీ ఈతకు పనికొచ్చాయి. నగరం తాగేదీ మేలారెన్ నీళ్ళే. హోటల్లో కుళాయి నీళ్ళు జగ్గులో తెచ్చి పెడితే నిశ్చింతగా తాగవచ్చు. ఊరు నడిమధ్యన తాగే నీరు, ఈదే నీరు, చేపలు పట్టే నీరు ఒకటే కావడం నాకు రాజభవనాల కంటే పెద్ద వైభవంగా తోచింది.

శనివారం

స్లుస్సెన్ దగ్గర మామూలు సిటీ టిక్కెట్టుతోనే ఫెర్రీ ఎక్కవచ్చు. పది నిమిషాల్లో యూర్గోర్దెన్ దీవిలో దింపుతుంది. పర్యాటకుల పడవలకు వందల క్రోనాలు పెట్టేవాళ్ళు ఈ ఫెర్రీని ఒక్కసారి ప్రయత్నించాలి. అదే నీరు, అదే గాలి, పైగా పక్కన ఊరి జనం.

వాసా మ్యూజియంలోకి అడుగు పెట్టగానే చీకటి, చల్లదనం. కళ్ళు అలవాటుపడ్డాక ఎదురుగా ఓడ. అరవై తొమ్మిది మీటర్ల పొడవు, పైన తెరచాప కొయ్యలు. నల్లబడిన ఓక్ చెక్క మీద వందల శిల్పాలు: సింహాలు, రోమన్ చక్రవర్తులు, జలకన్యలు. 1628 ఆగస్టు 10న ఈ ఓడ మొదటిసారి తెరచాపలెత్తింది. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా, పదమూడు వందల మీటర్లు వెళ్ళి, గాలి విసురుకు పక్కకు ఒరిగింది. తెరిచి ఉంచిన ఫిరంగి కంతల గుండా నీళ్ళు లోపలికి దూకాయి. దాదాపు ముప్ఫై మంది పోయారు.

కారణం ఎవరికీ తెలియనిది కాదు. పై అంతస్తులు బరువు, అడుగు భాగం ఆ బరువుకు చాలదు. రెండు వరుసల్లో 64 ఫిరంగులు. బయల్దేరకముందే రేవులో ముప్ఫై మంది నావికులను డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి చూశారు. ఓడ ప్రమాదకరంగా ఊగడంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పోలండుతో యుద్ధంలో ఉన్న రాజు గుస్తావ్ అడాల్ఫ్ ఓడ త్వరగా కావాలని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. కాదని చెప్పగలిగినవాళ్ళు లేరు. ఓడ కట్టిన నిపుణుడు అప్పటికే చనిపోయాడు. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు.

ఒక అద్దాల పెట్టెలో ఓడలో దొరికిన కొలబద్దలున్నాయి. పనివాళ్ళవి. కొన్ని స్వీడన్ అడుగుతో, కొన్ని కాస్త పొట్టిదైన ఆమ్‌స్టర్‌డామ్ అడుగుతో చేసినవి. ఒకే ఓడను వేర్వేరు కొలతలతో కట్టారు. చిన్న చెక్కముక్కలే అయినా వాటి ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఇంకో పక్క ఒక నావికుడి పెట్టె. మూత తీస్తే ఫెల్ట్ టోపీ ఎలా పెట్టిందలాగే ఉంది. బాల్టిక్ నీళ్ళలో ఉప్పు తక్కువ. కలపను తొలిచే ఓడపురుగు అందులో బతకదు. అందుకే 333 ఏళ్ళు నీటి అడుగున ఉన్నా కలప చెడలేదు. ఆండర్స్ ఫ్రాన్సెన్ 1956లో ఓడ జాడ కనిపెట్టాడు. 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. కలప ఎండి చీలిపోకుండా పదిహేడేళ్ళ పాటు రసాయనం చల్లుతూ కాపాడారు. ఇప్పుడు కళ్ళ ముందున్నదానిలో 98 శాతం అసలు కలపే.

అవమానం దాచుకోదగిన కథ ఇది. దాన్ని తెచ్చి, ఊరికి గర్వకారణంగా నిలబెట్టి, పొరపాటు ఎక్కడ జరిగిందో బడిపిల్లలకు అరటిపండు ఒలిచినట్టు చెబుతున్నారు. మాది విశాఖ. అక్కడి నుంచి కోరంగి, తాళ్ళరేవు ఎంతో దూరం కాదు. చెక్క ఓడలు కట్టిన చేతులు ఆ తీరానివి. ఆ పనితనాన్ని ఇలా ఎదురుగా నిలబడి చూసుకునే చోటు మనకూ ఒకటి ఉండాలని గట్టిగా అనిపించింది.

ఆ తరవాత ఇంకో మ్యూజియం చూడబుద్ధి కాలేదు. స్కాన్‌సెన్ పక్కనే ఉంది. 1891లో మొదలైన ఆరుబయలు మ్యూజియం, పిల్లలతో వచ్చేవాళ్ళకు రోజంతా సరిపోతుంది. నేను మాత్రం దీవి లోపలి చెట్ల కింద నీళ్ళ వెంబడి నడిచాను. ఒక తోటలోని కాఫీ హోటల్లో ఏలకుల బన్ను తిన్నాను. ఏలకులను మెత్తగా పొడి చేయరు. పలుకులు పలుకులుగా దంచి వేస్తారు. మన పాయసంలో దూరంగా పలకరించే ఏలకి ఇక్కడ ప్రతి కొరుకులోనూ పంటికి తగులుతుంది. పనిలో ఉన్నవాళ్ళు కూడా రోజూ ఒకటి రెండుసార్లు ఇలా కాఫీ, ఏదో ఒక తీపి ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చుంటారు. ఫీకా అని దానికి పేరు.

ఆదివారం

ఉదయం మెట్రోలో తిరిగాను. తిరగడమే పని. నూరు స్టేషన్లలో తొంభైకి పైగా స్టేషన్లలో కళాకారుల పని ఉంది. నీలి మార్గం స్టేషన్లను కొండరాయి తొలిచి, రాతి ఆకారాన్ని గుహలాగే ఉంచి రంగులు వేశారు. సోల్నా సెంత్రుమ్‌లో నెత్తురు రంగు ఆకాశం, దాని కింద పచ్చని అడవి. పల్లెలు ఖాళీ కావడం, అడవులు నరికేయడం గురించి 1970ల నాటి స్వీడన్ పడిన ఆవేదనంతా ఆ గోడల మీద ఉంది. టి సెంత్రాలెన్‌లో తెల్ల గోడల మీద నీలి తీగలు అల్లుకున్నాయి. తల ఎత్తి చూస్తే కప్పు మీద మనుషుల నీడ ఆకారాలు: నిచ్చెన మీద ఒకడు, వెల్డింగ్ చేస్తూ ఒకడు. ఆ స్టేషన్ కట్టిన కూలీలకు, పనివాళ్ళకు పెర్ ఓలోఫ్ ఉల్త్‌వెత్ ఇచ్చిన చోటు అది. శంకుస్థాపన పలక మీద మంత్రుల పేర్లు చూసి చూసి అలవాటైన కళ్ళకు ఆ బొమ్మలు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను.

అక్కడే వెనక నుంచి తెలుగు వినిపించింది. "మీరు మనవాళ్ళేనా అండీ?" అని అడిగితే, "అవునక్కా, మాది ఖమ్మం" అంది ఆ అమ్మాయి. భర్తతో కిస్తాలో ఉంటోంది. అక్కడ సాఫ్ట్‌వేర్, టెలికాం ఆఫీసులెక్కువ. "జూన్‌లో చూసి ఈ ఊరిని ప్రేమించడం సులువు. డిసెంబరులో రండి, మధ్యాహ్నం మూడింటికే చీకటి" అన్నాడు అతను. "అయినా ఇక్కడే ఉన్నాం కదా" అంది ఆమె. రైలు వచ్చింది, వాళ్ళు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆకుపచ్చ మార్గంలో దక్షిణాన స్కూగ్స్‌షిర్కోగోర్దెన్‌కు వెళ్ళాను. అడవిలో శ్మశానవాటిక. గున్నార్ ఆస్ప్‌లుండ్, సిగుర్ద్ లెవెరెంట్స్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు 1917 నుంచి 1940 వరకు తీర్చిదిద్దారు. 1994లో యునెస్కో వారసత్వ స్థలమైంది. ద్వారం దాటితే విశాలమైన పచ్చిక, ఒక పెద్ద గ్రానైట్ శిలువ, ఆకాశం. సమాధులు వెంటనే కనిపించవు. పైన్ చెట్ల మధ్యకు వెళ్ళాక, అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో, వరుసలుగా ఉంటాయి. హాలీవుడ్ నటి గ్రేటా గార్బో సమాధి రాయి మీద ఆమె సంతకం తప్ప ఇంకేమీ లేదు.

పచ్చికకు ఒక పక్కన చిన్న గుట్ట, పైన చెట్లు నాటిన ధ్యానస్థలం. దానికి మెట్లు ఎక్కుతుంటే ఏదో తేడాగా అనిపించి, దిగి వచ్చి మళ్ళీ ఎక్కాను. పైకి వెళ్ళేకొద్దీ మెట్టు ఎత్తు తగ్గుతోంది. దుఃఖంలో ఉన్న మనిషి ఆయాసపడకుండా, పైకి చేరేసరికి ఊపిరి కుదుటపడి ఉండాలని అలా కట్టారు. ఎవరూ గమనించకపోయినా కాళ్ళకు తెలుస్తుంది. ఏళ్ళ తరబడి మోకాళ్ళ నొప్పితో ఉన్న మా అమ్మ మా నాన్న దినవారాలకు ఎక్కిన మెట్లు గుర్తొచ్చాయి. గుట్ట మీద గోడ వారగా కూర్చుని, చాలాసేపటి దాకా కిందికి దిగలేదు. దిగాక, అడవి మధ్యగా తిన్నగా సాగిపోయే 888 మీటర్ల బాట వెంట చివరి ప్రార్థనాలయం దాకా నడిచాను. దారిలో ఒక ముసలాయన నీళ్ళ డబ్బాతో సమాధి మీది పూలమొక్కలకు నీళ్ళు పోస్తూ తల ఊపి పలకరించాడు.

సోమవారం

సాయంత్రం విమానం. పొద్దున్నే మొంతేలియుస్ బాట మీదికి వెళ్ళాను. సోదెర్మాల్మ్ కొండ అంచున చెక్క ఇళ్ళ ముందు సాగే ఈ బాట మీంచి సిటీ హాల్, పాత బస్తీ, సరస్సు ఒక్క చూపులో కనిపిస్తాయి. ఊరు మొత్తాన్ని ఒక్కసారి చూడాలంటే ఏ టిక్కెట్టూ అక్కర్లేని చోటు ఇది.

ఆ తరవాత హోతోర్యెత్ సంత. పళ్ళూ పూలూ అమ్మే బండ్లు, కేకలు వేసి పిలిచే వ్యాపారులు. వాటి వెనక నీలి రంగు సంగీత కచేరీ భవనం, బారులు తీరిన స్తంభాలు, ముందు కార్ల్ మిల్లెస్ చేసిన ఆర్ఫియస్ ఫౌంటెన్. ఏటా డిసెంబరు 10న, శాంతి బహుమతి తప్ప మిగతా నోబెల్ బహుమతులు ఇచ్చేది ఈ భవనంలోనే. 1930లో సి.వి. రామన్ అందుకున్నదీ ఇక్కడే. తలపాగాతో, మూసిన కోటుతో ఆ హాలులో కూర్చున్నారు. తన తల మీద బ్రిటిష్ జెండా చూసి, నా దేశానికి తనదంటూ ఒక జెండా కూడా లేదే అని కుమిలిపోయానని తరవాత ఆయనే చెప్పుకున్నారు. ఆ రామన్ బాల్యం మా విశాఖలో గడిచింది. ఆయన తండ్రి పాఠాలు చెప్పిన, ఆయన కూడా చదువుకున్న ఏవీఎన్ కాలేజీలోనే నేనూ ఇంటర్ చదివాను.

స్ట్రాబెర్రీలు ఒక బుట్ట కొని ఆ మెట్ల మీద కూర్చుని తిన్నాను. అప్పట్లో మాకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారికి భవనం ఫొటో పంపాను. ఆయనకు ఇప్పుడు ఎనభై దాటాయి. వెంటనే ఫోను చేశారు.

"లోపలికి వెళ్ళావా అమ్మా?"

"లేదు మాస్టారూ. తలుపులు వేసి ఉన్నాయి."

"డిసెంబరు పదిన తీస్తారు. మన కాలేజీ పిల్లలెవరైనా వెళ్తారులే. నువ్వు ఆ మెట్లు, స్తంభాలు దగ్గరగా ఇంకో నాలుగు ఫొటోలు తియ్యి, నోటీసు బోర్డులో పెట్టిస్తాను."

ఫౌంటెన్ పక్కనుంచి, స్తంభాల కిందనుంచి, తలుపుల ఎదురుగా నిలబడి తీసి పంపించాను.